మినిట్సుకెక్కని టీచరమ్మ మాట

మా లెక్కల టీచరమ్మ పోయారని సోమవారం పొద్దున్నే ఆమదాలవలస నుంచి ఫోనొచ్చింది. మా కంపెనీ ఎండీకి చెప్పాను. "అయ్యో!" అన్నాడు. వెంటనే, "మూడు నెలల్లో బోర్డుకి ఇంకో ఆడమనిషిని సూసుకోవాల్రా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఆలోచన అప్పటికే నాకూ వచ్చింది.

మాది తవుడు నూనె కంపెనీ. బోర్డులో బయటి ఆడమనిషి ఒకరైనా ఉండాలని, ఆ చోటు ఖాళీ అయితే మూడు నెలల్లో నింపాలని రూలు. "మన టీచరమ్మే కదా, ఎక్కడ సంతకమంటే అక్కడ పెడతాది" అని ఎండీ ఆవిణ్ణి తెచ్చాడు. అతనూ నేనూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లమే. మీటింగులో ఎవరేమన్నారో మినిట్సు పుస్తకంలో రాసే పని నాది.

మొదటి మీటింగులో కాగితాలు ముందుకు తోస్తే, కళ్లద్దాలు తుడుచుకుని ప్రతి లైను కిందా వేలు పెట్టి చదివారు. అందరూ గడియారాలు చూసుకున్నారు. "సంతకమంటే సదివినానని సెప్పడం బాబూ" అన్నారు. బల్ల మీది జీడిపప్పు ముట్టుకోలేదు. సంచిలో తెచ్చుకున్న వేయించిన శనగలే తిన్నారు.

మధ్యలో ప్యాకింగ్ షెడ్డు చూసొచ్చారు. "ఎనక తలుపుకి తాళమేటి? లోపల అంతమంది ఆడోలు పనిసేస్తన్నారు. నిప్పంటుకుంటే ఎటెల్తారు?"

"డబ్బాలు పోతన్నాయని టీచర్‌గారూ. నోట్ చేసుకున్నాం" అన్నాడు ఎండీ. ఆవిడ వెళ్లాక నాతో, "అది రాయకు. రాస్తే తనిఖీకొచ్చినోలు పట్టుకుంటారు" అన్నాడు.

రాయలేదు.

తర్వాతి మీటింగులో ఆవిడ పాత పేజీలు తిరగేసి నావైపు చూశారు. "నా మాటేదిరా?"

తల దించుకున్నాను. బడిలో లెక్క తప్పితే చెవి మెలేసేవారు. ఆ రోజు అదీ చెయ్యలేదు. "ఈ బోర్డు మానెయ్యండి టీచరుగారూ" అన్నానొకసారి. "నేను మానేస్తే అడిగేవోలే ఉండర్రా" అన్నారు. వచ్చిన ప్రతిసారీ ఆ తాళం గురించే అడిగారు. ప్రతిసారీ నోట్ చేసుకున్నామనే జవాబు. చివరిసారి నా భుజం పట్టుకుని మెట్లు దిగారు. "నువ్వైనా రాస్తావనుకున్నాన్రా." ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకుమించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

నిన్న సంతాప తీర్మానం. అందరూ రెండు నిమిషాలు నిలబడ్డారు. ఎండీ చెబుతుంటే నేను రాశాను: "ఆమె ఇచ్చిన విలువైన సూచనలకు సంస్థ ఎల్లప్పుడూ కృతజ్ఞతతో ఉంటుంది." తర్వాత పుస్తకం మొదటి నుంచీ వెతికాను. ఆవిడ సూచన ఒక్కటీ లేదు.

ఇంటికెళుతూ షెడ్డులోకి వెళ్లాను. వెనక తలుపుకి తాళం అలాగే ఉంది. ఆ తాళానికి పనిచేసే ఆవిడెవరో తన అన్నం క్యారేజీ తగిలించుకుంది.