పక్క సీటు గురువుగారు

మా అక్క మొగుడు డ్రైవింగ్ స్కూల్లో గురువు. ఈ ఊళ్ళో సగం మంది చేత స్టీరింగ్ పట్టించింది తనేనని కోతలు కోస్తుంటాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఒంటరిగా రోడ్డెక్కడం మాత్రం నేను పెద్దగా చూడలేదు. ఎక్కినవాళ్ళు నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోయి, వెనక హారన్లు మోగుతుంటే బిక్కమొహం వేసుకుని కనిపిస్తారు.

నేర్పే బళ్ళలో పక్క సీటు ముందు కూడా పెడళ్ళుంటాయి. మామూలుగా క్లచ్చి, బ్రేకు. ప్రమాదం వచ్చేలా ఉంటే ఆపడానికి. మా బావకు అవి చాల్లేదు, యాక్సిలరేటర్ కూడా పెట్టించుకున్నాడు. గేరు మార్చేటప్పుడు అవతలివాళ్ళ చేతి మీద తన చెయ్యి వేస్తాడు. ఇక వాళ్ళకు మిగిలేది స్టీరింగ్. అదీ వంకర పోతే వేలితో సరిచేస్తాడు. పాఠం కాగానే "శభాష్, బ్రహ్మాండంగా నడిపారు" అంటాడు. ఆ వెర్రివాళ్ళు మురిసిపోతూ ఇంటికెళ్తారు.

ఇప్పుడు కూతురి వంతు వచ్చింది. పిల్లకు పద్దెనిమిది నిండాయి. చేరబోయే కాలేజీ ఊరికి దూరం, అటు బస్సు లేదు. సోమవారం పరీక్షలో లైసెన్సు వస్తే, ఇంట్లో మూలపడ్డ చిన్న కారు తానే నడుపుకుంటూ వెళ్తుంది. రాకపోతే చదువైపోయేదాకా నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డున్న బండిలో నాన్న దింపాల్సిందే. ఆ మాట తలుచుకుంటేనే దానికి ఏడుపు.

ఆదివారం ఆసుపత్రి వెనక ఎత్తు రోడ్డు మీద ఆఖరి పాఠం. "నువ్వూ రా పిన్నీ" అని పిల్ల బతిమాలితే వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. బావ సగం ఎత్తులో బండి ఆపించాడు.

"ఇప్పుడు క్లచ్చి మెల్లగా వదలాలి. బండి వెనక్కి జారకూడదు."

బండి కుదుపన్నది లేకుండా కదిలింది. బావ గర్వంగా నా వైపు తిరిగాడు.

"చూశావా, నా కూతురి కాలు ఎంత తేలికో! అదీ, అలాగే వదులు తల్లీ!"

"నాన్నా, ఒకసారి నా కాళ్ళు చూడు."

నేనూ ముందుకు వంగి చూశాను. పిల్ల రెండు కాళ్ళూ మడిచి సీటు మీద పెట్టుకుని కూర్చుంది.

నాకు నవ్వాగలేదు. బావ మొహం జేవురించింది. బండి ఆపాడు. అదీ ఆయనే ఆపాడు.

"నీ మంచికేనమ్మా. అలవాటు పడ్డ కాలు, ఊరుకోదు."

"రేపు పరీక్షకు తీసుకెళ్ళేది ఆ చిన్న కారు, అందులో నీ కాలు ఉండదు నాన్నా. నాకేం వచ్చని పరీక్షకెళ్ళాలి? నువ్వు వెనక్కెళ్ళు. పిన్ని ఇక్కడ కూర్చుంటుంది."

"మీ పిన్నికి డ్రైవింగ్‌లో ఓనమాలు కూడా రావు!"

"అందుకే."

బావ గొణుక్కుంటూ వెనక్కెళ్ళాడు. నేను ముందుకొచ్చి, పాదాలు సీటు కిందికి లాక్కుని కూర్చున్నాను. పిల్ల క్లచ్చి వదలగానే బండి ఆగిపోయింది. మళ్ళీ తీస్తే మళ్ళీ ఆగిపోయింది. ఒకసారి వెనక్కి జారింది కూడా. "బ్రేకు! బ్రేకు!" అంటూ బావ సీట్ల మధ్య నుంచి చెయ్యి చాపాడు. ఆ చేతిని వెనక్కి నెట్టేశాను.

"బావా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి."

పిల్ల పెదవి కొరుక్కుంటూ ఇంకోసారి ప్రయత్నించింది. ఇంజను గుర్రుమంది. హ్యాండ్ బ్రేకు వదిలింది. బండి ఎగిరెగిరి పడుతూ ఎత్తెక్కసాగింది.

"ఇంత అవస్థ ఎందుకమ్మా? రోజూ నేను దింపుతానుగా," అన్నాడు బావ వెనక నుంచి.

గొంతులో బెంగ ఉంది. జాలిపడాల్సిందే, కానీ నాకు ఒళ్ళు మండింది. మా అక్కకు నేర్పిందీ ఈయనే. అక్కకు లైసెన్సు కూడా ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఒంటరిగా బండి తీయలేదు. ఎప్పుడడిగినా "నాకు చేతకాదే" అంటుంది, అదే నిజమనుకుని.

"అమ్మకీ ఇలాగే నేర్పావా నాన్నా?" అంది పిల్ల, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

బావ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్ల రెండో గేరు వేసింది.