బావగారి పడవ అడుగు

రేవులో అందరూ ఆవిడను అతుకులమ్మ అంటారు. చిల్లుపడ్డ ఫైబర్ పడవలను బోర్లించి, దెబ్బతిన్న చోట గీకి, గుడ్డ పరిచి, రెసిన్ పూసి అతికించడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. పడవ అడుగు చూస్తే యజమాని బుద్ధి ఎంతో తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. అందుకే యజమానులంటే పెద్ద గౌరవం లేదు. వాళ్లలో ఇప్పుడు అక్క మొగుడు కూడా చేరబోతున్నాడు.

ఆయన కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైన మనిషి. ఈత రాదు. మనవలను సరస్సులో తిప్పాలన్న కోరిక పుట్టి, రెండు నెలలు వీడియోలు చూసి, ఒక ఆదివారం షెడ్డుకొచ్చి మరదలికే పాఠం మొదలుపెట్టాడు.

"కోసు అడుగు పడవే తీసుకోవాలమ్మాయ్. కింద మొనదేలి ఉంటుంది, అలను కోసుకుంటూ పోతుంది. అడుగు బల్లపరుపుగా ఉంటే అల తగిలినప్పుడల్లా నడుం విరుగుతుంది."

"మన సరస్సులో అలలెక్కడివి బావగారూ? ఒడ్డున మోకాలి లోతు నీళ్లు, కింద బురద. కోసు అడుగైతే దిగబడి కూర్చుంటుంది. బల్లపరుపుదే నయం."

"నీది అనుభవం. నేను చెప్పేది శాస్త్రం."

అతుకులమ్మ గరుకు కాగితం పక్కన పెట్టి, ఎదురుగా బోర్లించి ఉన్న పడవను చూపించింది. "ఇది మందుల షాపాయనది. కోసు అడుగే. బురదలోంచి లాగి లాగి ఎలా అరగదీశాడో చూడండి."

"ఆయనకు నడపడం రాదేమో."

"మీకు వచ్చా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. తెలియనిదాన్ని ఇంత ధీమాగా చెప్పడానికి జీతం కూడా తీసుకున్నాడు కదా ఇన్నాళ్లూ, అనుకుంది ఆవిడ.

శనివారం అక్కతో కలిసి ముగ్గురూ పాత పడవలు అమ్మేచోటికి వెళ్లారు. బావగారు కోసు అడుగు పడవలోకి దిగి, నిలబడి దాని గొప్పతనం వివరించబోయాడు. అది ఒక పక్కకు ఒరిగింది. ఆయన తడి బల్లమీద చతికిలబడి, కావాలనే కూర్చున్నట్టు మొహం పెట్టాడు. అక్క ఒక కాలు మోపి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"బల్లపరుపుది చూడక్కా," అంది అతుకులమ్మ.

అక్క వంగి చూసింది. లోపల బల్లలు పిక్కల ఎత్తున కూడా లేవు. "ఇందులో కూర్చుంటే మళ్లీ లేవగలనా?"

చివర్న, పక్కపక్కన రెండు పడవ అడుగులమీద వెడల్పాటి బల్ల బిగించిన పడవ ఒకటి ఉంది. బల్ల సరిగ్గా రేవు ఎత్తులో ఉంది, పైన కుర్చీలున్నాయి. అక్క వసారాలోకి నడిచినట్టు నడిచి వెళ్లి కూర్చుంది.

"ఇది."

"ఇది పడవలా లేదే, బల్లకట్టులా ఉంది," అన్నాడు బావగారు.

"నాకు మోకాళ్ల నొప్పులు. శాస్త్రం మీరు చూసుకోండి."

అతుకులమ్మకు చెవులు వేడెక్కాయి. అక్క మెట్లెక్కడానికి పడే అవస్థ రోజూ చూస్తూనే, తనూ అడుగుల గురించి వాదించిందే గానీ అక్కను ఒక్క మాట అడగలేదు.

పడవ కొన్నారు. నెల తిరక్కుండా ఇంజిన్ మెకానిక్ నవ్వుతూ కబురు మోసుకొచ్చాడు. బావగారు రేవులో కనబడ్డవాళ్లందరికీ జంట అడుగుల సూత్రం వివరిస్తూ, ఎంతో పరిశోధించి తానే ఎంపిక చేశానంటున్నాడట.

అతుకులమ్మ మండిపడి అక్కకు ఫోన్ చేసింది.

"చెప్పుకోనివ్వవే," అంది అక్క. "రేవులో చెప్పినంతసేపూ ఇంట్లో చెప్పడు."