కుళాయి కింద ఎముక పొర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంలో నేను నోరు పారేసుకున్నది మా ల్యాబ్‌లో గాజు సామాను కడిగే అక్క మీద. మూసాపేటలో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి, రోజూ నాకంటే ముందే వచ్చి తలుపు తీసి ఉంచేది.

విరిగిన ఎముకలో పెట్టడానికి ప్లాస్టిక్‌లాంటి పాలిమర్ బిళ్లలు చేసి, వాటి మీద ఎముకలో ఉండే ఖనిజాన్ని పొరలా పెంచడం మా పని. ఒట్టి ప్లాస్టిక్‌ను ఎముక దగ్గరకు రానివ్వదు, ఆ పొర ఉంటే తనదే అనుకుని అతుక్కుంటుంది. రక్తంలోని లవణాలన్నీ కొలిచి కలిపిన నీళ్లలో, ఒంటి వేడి దగ్గర, బిళ్లల్ని వారాల తరబడి నానబెట్టాలి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. ఆదివారాలు కూడా మణికొండ నుంచి ట్రాఫిక్‌లో పడి వెళ్లి మార్చాను. ఆరు నెలలైనా పొర జాడ లేదు. శుక్రవారం సమీక్షలో ఏమీ చూపించకపోతే ప్రాజెక్టు ఆపేస్తామని మా సారు చెప్పేశారు. అది ఆగితే నా ఉద్యోగమూ పోయినట్టే.

బుధవారం పొద్దున చూస్తే బిళ్లల మీద తెల్లగా, మందంగా పొర! వెంటనే సారుకు ఫోన్ చేసి, "వచ్చేసిందండీ!" అన్నాను. ఆ సంబరంలో ఒక బిళ్లను మురికి గిన్నెల పక్కన పెట్టి కాఫీకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అక్క దాన్ని కుళాయి కింద పట్టి కడుగుతోంది. తెల్లపొర మొత్తం సింకులోకి పోయింది.

"ఏం చేశావు నువ్వు! బుద్ధుందా అసలు? ఆరు నెలల కష్టం!" అని అందరి ముందూ అరిచేశాను.

ఆమె బెదిరిపోయింది. అయినా బిళ్లనే చూస్తూ, "నీళ్లు తగలంగనే పోయింది మేడం. మా ఇంట్ల బోరు నీళ్లకు బకెట్లకు తెల్లగ పడ్తది గదా, గది గిట్ల పోదు. పీచు పెట్టి తోమినా పోదు," అంది.

"నీ బకెట్ల గోల నాకెందుకు!" అన్నాను.

కానీ ఆ మాట బుర్రను తొలిచేసింది. మా బాత్రూములో బకెట్‌కూ అదే తెల్లపొర. అదీ ప్లాస్టిక్కే, పట్టిందీ నీళ్లలోని ఖనిజమే. ఇంకో బిళ్లను నేనే కుళాయి కింద పెట్టాను. ఊడిపోయింది. తిప్పి చూస్తే అడుగు వైపు నున్నగా ఉంది. సమీక్ష కంగారులో లవణాలు గబగబా కలిపేశాను. నీళ్లు పాలలా విరిగి, ఆ పొడి పైనుంచి దిగి బిళ్లల మీద పేరుకుంది. పొర అసలు పెరగనేలేదు.

కడగకుండా ఫొటో చూపిస్తే ఎవరికి తెలుస్తుంది? సిగ్గు లేకుండా ఆ ఆలోచనా వచ్చింది. రెండు రోజులు నాతో నేనే కొట్లాడి, శుక్రవారం ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఒక్క నెల చూద్దామండి. అంతే," అన్నారు సారు.

ఈసారి ఒక లవణం పూర్తిగా కరిగాకే ఇంకోటి వేశాను. బిళ్లల్ని దారంతో వేలాడదీసి, పొర కావలసిన వైపును కిందికి తిప్పాను. పొడి రాలినా ఆ వైపు పడదు. మూడో వారానికి అది తెల్లబడింది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టబోయి, "తోమక్కా," అన్నాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "నేను తోమ మేడం. పోతే మల్ల అందరి ముందల తిడ్తరు."

ప్రాణం చివుక్కుమంది. ఇన్ని వారాల్లో ఆమెకు ఒక్క మంచి మాట చెప్పలేదు నేను. "తప్పు నాదక్కా. నువ్వు ఆ రోజు కడగకపోతే అబద్ధాన్ని చూపించేదాన్ని. పోతే పోనీ, తోము," అన్నాను, అందరికీ వినపడేలా.

ఆమె పీచుతో తోమింది. వెలుతురుకు పెట్టి చూసి, గోరుతో గీకింది.

"పోతలేదు మేడం. మా బకెట్ లెక్కనే పట్టింది."

సింకు పక్కనే నిలబడి ఏడ్చేశాను.