మా అమ్మ ఎన్నడూ ‘భోంచేయండి’ అనలేదు

మీరిద్దరూ పుణె నుంచి పంపిన ఫైలు నిన్న పొద్దున ఫోన్‌లో చదివాను. నా నోటుబుక్కులు తీసుకెళ్ళి, పుస్తకం వేయిద్దామని టైపు చేసినందుకు సంతోషపడదామనే కూర్చున్నాను. మూడో పేజీకే కోపం వచ్చింది. కోపం వస్తే మీ అమ్మమ్మ గొంతు ఇంకా చిన్నదవుతుందని మీకు తెలుసు. చెబితే వినపడదని రాస్తున్నాను.

మూడో పేజీలో మా అమ్మ మాతో అంటోంది: “నాకు ఆకలిగా లేదు పిల్లలూ, మీరు భోంచేయండి.”

ఎవరీమె? నాకు తెలియదు. మా అమ్మ అన్నది, నేను రాసింది: “నాకు ఆకలైతలేదు బిడ్డా, మీరు తినుండ్రి.” కుండలో జొన్న గటక తగ్గిన ప్రతిరోజూ అదే మాట. భోంచేసే ఇల్లు కాదు మాది, తినే ఇల్లు. అదీ ఉన్ననాడు.

నా సంగతి చెప్పేటప్పుడు బడిలో నేర్చుకున్న తెలుగు రాస్తాను. మనుషులు మాట్లాడితే వాళ్ళ మాట వాళ్ళదే. ఈ కట్టుబాటు నాకు దెబ్బ తింటే వచ్చింది.

అప్పుడు ఏడో తరగతి. మా చిన్నమ్మను పెనుబల్లి వైపు ఇచ్చారు. ఎండాకాలం తునికాకు కోతకు ఆమె టేకులపల్లికి, మా ఇంటికి వచ్చేది. ఒక ఏడు రాలేదు. అమ్మ నాతో కార్డు రాయించింది. “చెల్లే, నువ్వు లేకుంటే నాకు చేతులాడుతలేవు, జల్దీ రాయే” అని రాయమంది. నాకు సిగ్గేసింది. వాచకంలో ఉన్నట్టు, ‘ప్రియ సోదరీ, తమరి రాకకై ఎదురుచూచుచున్నాను’ అని రాశాను.

నాలుగో రోజు చిన్నమ్మ ఏడుస్తూ బస్సు దిగింది. “అక్కకేమైందే? బాగుంటే నన్ను ‘తమరు’ అంటదా?”

సంగతి తెలిశాక అమ్మ ఆకు కట్ట పక్కన పెట్టి నా వీపు మీద ఒకటేసింది. “నా నోట్లె నీ నోరు వెట్టినవేందే?”

ఆనాటి నుంచి విన్నది విన్నట్టే రాస్తున్నాను. పెళ్ళయ్యాక పొయ్యి దగ్గర కూర్చుని, మీ అమ్మ బడి నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాల మీద రాశాను. “ఏంది, కలెక్టర్‌కు అర్జీనా?” అని మీ తాత నవ్వేవాడు. నవ్వనీ. రాయని రోజు నాకు మొహం కడుక్కోనట్టే ఉంటుంది. నేనెవరినంటే కూలికి పోయినదాన్ని, మీ అమ్మను పెంచినదాన్ని, రాసుకునేదాన్ని. మొదటి రెండు పనులూ అయిపోయాయి. మిగిలిన ఆ ఒక్కదాన్నీ మీరు దిద్దారు.

నిన్న ఫోన్ చేస్తే, పెద్దదానివి, నువ్వేమన్నావు?

“యాప్‌లో పెడితే తప్పులన్నీ అదే సరిచేసింది అమ్మమ్మా. కొత్తగూడెం ప్రెస్సుకు కూడా పంపేశాం. చదివేవాళ్ళకు అర్థం కావాలి కదా!”

“నీకు అర్థం కాలేదా?”

“నాకైతే అయింది...”

“తమ్మునికి?”

“వాడికీ అయింది.”

“మరి గా అర్థం గానోళ్ళెవరే?”

ఈ పొద్దున బస్సెక్కి నేనే ప్రెస్సుకు వెళ్ళాను. మనుషుల మాటలు మార్చి వేయొద్దని చెబితే ఓనరు ఒప్పుకోలేదు.

“గట్ల అచ్చేస్తే నవ్వుతరమ్మా. పుస్తకం పుస్తకం లెక్కనే ఉండాలె గద.”

“నువ్విప్పుడు మాట్లాడిందానికి ఎవరన్న నవ్విన్రా నాయినా?”

ఇంతలో ఆయన భార్య ఫోన్ చేసింది. “వస్తున్ననే! గీడ ఒక పెద్దమ్మ కూసోని లేస్తలేదు” అన్నాడు, నా ముందే. నేను సంచిలోంచి పెన్ను తీసి ఆ మాట రాసుకున్నాను.

ఆయన మెడ చాచి చూశాడు. “ఏందమ్మా, నాది గూడ రాస్తున్నవా?”

“అవ్. దిద్దాల్నా?”

కాసేపు చదువుకున్నాడు. “వద్దులే. నేనన్నట్టే ఉండనియ్యి” అని, మిషన్ దగ్గరి మనిషికి పని ఆపమని చెప్పాడు.

కాబట్టి అచ్చు ఆగింది. యాప్‌లో పెట్టకముందు మీరు టైపు చేసింది ఉంటే ఈ సాయంత్రమే ఆయనకు పంపండి. లేకపోతే మళ్ళీ టైపు చేయండి, మీ వేళ్ళేం అరిగిపోవు. అదీ చేతకాకపోతే నా నోటుబుక్కులు నాకు తిప్పి పంపండి. పుస్తకం లేకుండానే ఇన్నేళ్ళు రాశాను, ఇకముందూ రాస్తాను. ఆ దిద్దిన ఫైలు మాత్రం నా పేరుతో బయటికి రాకూడదు.