గ్యాసు కారులో మేనమామ చీర

ఆడబిడ్డ కూతురి పెళ్ళిని నేనొక్కదాన్నే ఎట్లా ఆపబోయానో ఇక చెప్పేస్తాను. మోకాళ్ళతో పాటు దాచుకునే ఓపిక కూడా అరిగిపోయింది.

అప్పుడే గ్యాసు కారు కొన్నాం. పొగ రాదు, చప్పుడు లేదు, ఖర్చు తక్కువ. ఈ మూడు ముక్కలూ మా మిర్యాలగూడలో నా నోట వినని మనిషి లేడు. డిక్కీ నిండా గ్యాసు సిలిండరే పడుకొని ఉంటుందనీ, చేతిసంచి పెట్టే చోటు కూడా ఉండదనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?

పెళ్ళి కోదాడలో. మేనమామ ఇంటినుంచి వచ్చిన చీర కడితేనే పిల్ల పీటల మీద కూర్చుంటుంది. ఆ మేనమామ మా ఆయన. చీర బుట్ట, ఇత్తడి బిందె నా ఒళ్ళో, అరిసెల డబ్బా కాళ్ళ మధ్య. ముందు సీట్లో మా అత్తమ్మ.

"గ్యాస్ అయిపోవస్తున్నది. పెట్రోల్ ఉన్నది గదా, హుజూర్‌నగర్ మీదికెల్లి సక్కగ పోదాం" అన్నాడు మా ఆయన.

"గ్యాస్ కారు కొని పెట్రోల్ కాలబెడ్తవా? సూర్యాపేటల గ్యాస్ కొట్టిచ్చుకొని పోదాం."

"సుట్టు తిరుగుడైతదే!"

"అయితేంది? గ్యాస్ అగ్గువ!"

చవక గ్యాసు కోసం అంత దూరం తిరిగిన తెలివి నాది.

సూర్యాపేట బంకులో ఆటోల వరుస జాతరలా ఉంది. మా వంతు వచ్చేసరికి అత్తమ్మ ఒక కునుకు తీసి లేచింది.

"అందరు దిగాలె! మనుషులుంటే గ్యాస్ కొట్టం" అన్నాడు బంకు అతను.

బిందె, బుట్ట, అత్తమ్మ, అందరం దిగాం. బుట్టను పక్కనున్న సిమెంటు దిమ్మె మీద పెట్టాను. అంతలో గొర్రెలను ఎక్కించుకున్న డీజిల్ బండి ఒకటి నల్లటి పొగ కక్కుతూ వచ్చి ఆగింది. నా నోరు ఊరుకుంటుందా?

"ఏం తమ్మీ, గీ పొగబండి ఇంకెన్నాళ్ళు నడుపుతవ్? మాది సూడు! కోదాడ బైపాస్ కాడి ఫంక్షన్ హాలుకు పోతున్నం, జర పొగ లేదు."

"బాగున్నదక్కా. మరి సామాను ఏడ పెడ్తరు?"

"ఒళ్ళె పెట్టుకుంటం. ఒళ్ళేమన్న అరిగిపోతదా?"

వెనక ఆటోలు హారన్లు మోగించాయి. "బండి తియ్యుండ్రి!" అన్న కేకలకు హడావుడిగా ఎక్కాం.

మునగాల దాటాక అత్తమ్మ వెనక్కి తిరిగింది. "ఒళ్ళె బిందె ఒక్కటే ఉన్నదేందే? చీరేది?"

మా కారులో చప్పుడే ఉండదని ఆ క్షణంలో నిజంగా రుజువైంది.

"ఎన్కకు పోతే ముహూర్తం దాటుతది" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

హాలు గుమ్మంలో ఆడబిడ్డ ఎదురొచ్చింది. "వదినే, పిల్ల కాసుకొని కూసున్నది. చీర తే!"

"ముందు ఒక అరిసె తిను" అన్నాను. అంతకన్నా ఏమీ తోచలేదు.

ఆమెకు సంగతి అర్థమై ఏడుపు అందుకునేలోపే వీధిలో నల్లటి పొగ లేచింది. పొగలోంచి గొర్రెల అరుపులు, ఆ వెనక నా బుట్టను నెత్తిన పెట్టుకొని ఆ తమ్ముడు!

"మాది పొగబండే అక్కా. గని సామాను పెట్ట జాగ ఉంటది."

చీర భద్రంగా ఉంది. పైన పెట్టిన తమలపాకులే ఒక గొర్రె నోట్లోకి పోయాయి. పిల్ల వేళకే పీటలెక్కింది. అయ్యవారు మాత్రం చీరకు పట్టిన గొర్రెల వాసనకేమో, మంత్రాల మధ్య రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు.

కారు ఇప్పటికీ ఉంది. ఖర్చు తక్కువన్న మాట నిజమే. కానీ ఆ రోజు బుట్ట అందుకోగానే ఆ గొర్రెల బండి దగ్గరే నిలబడి, ఇక ఈ జన్మలో ఏ బంకులోనూ నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్నాను. సాక్షిగా నిలిచిన గొర్రె చివరి తమలపాకు నములుతూ నా మాట నమ్మనట్టే చూసింది.