చీకట్లో చదివిన మూడో తరగతి

ఆ రోజుల్లో నాకు గ్రాఫుల మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడిచే చిన్న బడిలో టీచరుగా కొత్తగా చేరాను. మూడో తరగతి పిల్లలకు చదవడం రావట్లేదని మా పెద్దమేడం రెండు పద్ధతులు మొదలుపెట్టారు. ఎ సెక్షన్‌కి హెడ్‌ఫోన్లలో కథలు వినిపిస్తూ చదివించే ఖరీదైన కిట్టు, ఓ డబ్బా. బి సెక్షన్‌కి తెలుగు టీచరమ్మ పక్కన కూర్చోబెట్టుకుని రోజుకో కొత్త కథ చదివించడం. "రెండు నెలలు చూద్దాం సార్. ఏది పనిచేస్తే అది రెండు సెక్షన్లకీ పెడదాం, రెండోది ఆపేద్దాం. పరీక్ష మీరే పెట్టండి" అన్నారు మేడం. (నాకు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ఉంది, దానికి తగ్గ పొగరూ ఉంది.) పరీక్ష కాగితాలు కిట్టు అమ్మినాయనే జిరాక్స్ తీయించి ఇస్తే, పని తప్పిందని మురిసిపోయాను.

రెండు నెలలకి పెట్టిన పరీక్షలో ఎ సెక్షన్ దూసుకుపోయింది. రంగుల గ్రాఫు గీసుకుని, మేడం దగ్గరికి వెళ్లే ముందు ఆ పిల్లల్ని ఒకసారి చూద్దామని క్లాసులోకి వెళ్లాను. ఒకే గొంతుతో చదువుతున్నారు. అంతలో కరెంటు పోయింది. పట్టపగలే, సెల్లార్ కదా, నా చెయ్యి నాకే కనపడలేదు. కిట్టు ఆగిపోయింది. చదువు ఆగలేదు. "నక్క మెల్లగా బావి దగ్గరికి వచ్చింది" అని ముప్పై గొంతులు, ఒక్క అక్షరం తడబడకుండా, చీకట్లోంచి నా మీదికి వస్తున్నాయి. "ఆపండి" అన్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న చెవులకి నా మాట ఎక్కడ వినపడుతుంది. కథ అయిపోయాక అందరూ ఒక్కసారే ఆగారు. ఆ నిశ్శబ్దంలో ఒక చల్లటి చెయ్యి నా వేలు పట్టుకుంది. ప్రాణం పోయినంత పనైంది.

"సార్, మల్ల మొదటి సంది చెప్పాల్నా?"

రెండు జడల పిల్ల. ఫోన్ లైటు వేసి చూస్తే, ఆమె ఒళ్లో పుస్తకం తలకిందులుగా ఉంది. సంచిలోంచి ఇంకో కథ తీసి చూపించాను. చాలాసేపు చూసింది. "గిది మాకు రాదు సార్. గిది డబ్బాల లేదు" అంది. పరీక్ష కాగితంలో ఉన్నదీ ఆ నక్క కథేనని అప్పుడు వెలిగింది నాకు.

ఆ కొత్త కథతోనే రెండు సెక్షన్లకీ మళ్లీ పరీక్ష పెట్టాను. ఎ సెక్షన్ నోరు మెదపలేదు. బి సెక్షన్ కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. "నా గ్రాఫు తప్పు మేడం" అని చెప్పడానికి మాత్రం నాకు రెండు కప్పుల టీ పట్టింది. "నయం, బి సెక్షన్‌కీ కిట్టు కొనే కాగితం మీద సంతకం పెట్టేదాన్ని" అన్నారావిడ. కిట్టు వెనక్కి పోయింది. రెండు జడల పిల్ల టీచరమ్మ పక్కన చేరింది. ఏడాది చివర్లో బస్టాప్‌లో నన్ను ఆపి, వస్తున్న బస్సు బోర్డు మీద "ఎల్, బీ, నగర్" అని వేలు పెట్టి చదివి చూపించింది.

ఇప్పుడు నేనూ ఒక బడికి పెద్దసార్‌ని. ఎవరైనా కొత్త పద్ధతి పట్టుకుని గ్రాఫుతో వస్తే, కూర్చోమని టీ ఇస్తాను. గ్రాఫు చూడకముందే నా చెయ్యి నాకు తెలియకుండా లైటు స్విచ్చి మీదికి పోతుంది.