ట్రాలీ లేపి పోసిన ఆయిల్

మా చిన్నప్పుడు బల్మూర్ దగ్గర మా చెల్క చేనులో ఓ ట్రాలీ సగం లేచి ఆగిపోయింది... తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ యేడు తొలివాన బాగానే పడింది. నేల పదును మీద ఉండగానే పెంట ఎరువు తోలి, దున్ని, పల్లి విత్తాలి. పదును ఆరిందంటే మళ్లీ మొగులు వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. మాకేమో అప్పటికే ముసలిదైపోయిన ట్రాక్టర్ ఒక్కటే దిక్కు.

అంతకుముందు పెంటంతా గంపలతో దించేవాళ్లం. ఆసారి చిన్నాయన ఎక్కడి నుంచో జాకీ ట్రాలీ తెచ్చాడు. ట్రాక్టర్ వెనక పైపు తగిలిస్తే, నాగళ్లను లేపే ఆయిలే జాకీలోకి పోయి ట్రాలీని లేపుతుంది. గంపల బాధ తప్పిందని నేనూ అమ్మా ఎంత సంబరపడ్డామో...

తీరా అది సగం లేచి నిలబడిపోయింది. ఆ ముసలి బండిలో ఉన్న ఆయిల్ అంత పెద్ద జాకీకి చాలలేదు.

ట్రాలీ అట్లా పైన ఉండగానే నాయన సీటు వెనక మూత తీసి ఆయిల్ డబ్బా వంచాడు. అమ్మ పరుగున వచ్చింది.

"ఏమయ్యా, జర ఆగు. పైకి వోయిన నూనె ట్రాలీ దించితే మల్ల కిందికే వస్తది గద! ఇప్పుడే నిండ వోస్తే అదెక్కడ వట్టాలె?"

"ట్రాక్టర్ సంగతి నీకేమెర్కనే? ఊకో" అన్నాడు నాయన. చిన్నాయన కిసుక్కున నవ్వాడు.

నాయన అంచుదాకా పోశాడు. ట్రాలీ పూర్తిగా లేచింది, పెంట జారిపడింది. అన్నదమ్ములిద్దరూ మీసాలు మెలేశారు... తర్వాత దించారు. జాకీలోని ఆయిలంతా వెనక్కి తన్నుకొచ్చింది. మూత ఎగిరిపడింది, ఆయిల్‌ను ఆపే రబ్బరు సీళ్లు చీలాయి, ఆయిల్ బ్రేకుల్లోకి చేరింది. ఎంత తొక్కినా బండి ఆగే రకం కాదిక.

అచ్చంపేట మేస్త్రీ వచ్చేసరికి మూడు రోజులు, బ్రేకులు విప్పి కడగడానికి ఇంకో రోజు. ఈలోగా ఎండకాసి చెల్క రాయిలా అయింది. వారం తిరిగేసరికి పక్క చేలల్లో పల్లి మొలకలు... మాది బోడి నేల. అమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

"సూస్తివా బిడ్డా... నోరుండి ఏం ఫాయిద?" అంది.

నాయన మాత్రం "పాత బండి గంతే" అన్నాడు. ఆ తర్వాత ఏ పైపు కారినా, నాగళ్లు లేవకపోయినా, నాయనే వచ్చి ఏం చేద్దామని అడిగినా, అమ్మ నోరు విప్పలేదు.

మొన్న నాయన ఫోన్‌లో వీడియో చూస్తున్నాడు. జాకీ పూర్తిగా దించాకే ఆయిల్ చూసుకోవాలని అందులో ఎవరో చెబుతున్నాడు. "ఎంత మంచిగ జెప్తుండు సూడు బిడ్డా" అని నాకు చూపించాడు! అమ్మ పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

అప్పుడు ఇంట్లో మనిషి మాట చెవికెక్కలేదు... ఇప్పుడు ఊరూ పేరూ తెలియనివాడు చెబితే తలూపుతున్నారు. కాలం మారిందంటే ఇదేనేమో.

సరైన మాట చెప్పి తిట్లు తిన్న అమ్మలు మీ ఇళ్లలోనూ ఉంటే కింద రాయండి... ఒక్కొక్కటీ మా నాయనకు గట్టిగా చదివి వినిపిస్తాను.